రివర్స్ ప్రాక్సీ వెనక లాగిన్ ఆగిపోతే: ఎక్కడ చూడాలి, ఏం మార్చాలి

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర హెడ్డాఫీసు, టెక్కలి, పలాస, నరసన్నపేటల్లో బ్రాంచీలు ఉన్న ఒక సంస్థ ఉందనుకుందాం. ఫీజులో, హాజరో, స్టాకో, ఏదో ఒక సాఫ్ట్‌వేర్ హెడ్డాఫీసు సర్వర్లో 192.168.10.20 అడ్రసు మీద, 8080 పోర్టులో నడుస్తోంది. బ్రాంచీల వాళ్లు కూడా వాడుకోవాలని దాని ముందు 192.168.10.10 మీద ఎంజిన్‌ఎక్స్ అనే రివర్స్ ప్రాక్సీ (బయటి నుంచి వచ్చే రిక్వెస్ట్‌ను అందుకుని లోపలి సర్వర్‌కు అందించే ప్రోగ్రామ్) పెట్టారు. సర్టిఫికెట్ వేశారు, రూటర్లో 443 పోర్టును దానికి మళ్లించారు. పేజీ చక్కగా తెరుచుకుంటోంది కానీ లాగిన్ అవడం లేదు. పలాస నుంచి ఫోను: "పాస్‌వర్డ్ కొట్టగానే మళ్లీ అదే పేజీకి వచ్చెస్తంది సార్."

హెడ్డాఫీసులో ఉన్నవాళ్లు మాత్రం నేరుగా 8080 తెరిచి అదే పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లిపోతుంటారు. ఆనవాలు ఇదే. నేరుగా వెళ్తే పనిచేసి, ప్రాక్సీ మీదుగా వెళ్తే పనిచేయకపోతే తప్పు పాస్‌వర్డ్‌ది కాదు. రీసెట్ చేయడం, యూజర్‌ను తీసేసి మళ్లీ పెట్టడం, బ్రౌజర్ మార్చమనడం వల్ల పూట గడుస్తుందే తప్ప పని జరగదు.

ప్రాక్సీ చేసే పనేమిటంటే, వచ్చిన ఉత్తరాన్ని కవరు చించి కొత్త కవర్లో పెట్టి లోపలికి పంపడం. కొత్త కవరు మీద, అంటే రిక్వెస్ట్‌తో వెళ్లే హెడర్లలో, పాత వివరాలు రాయకపోతే అప్లికేషన్‌కు నాలుగు సంగతులు తెలియవు: యూజర్ ఏ పేరు టైప్ చేశాడు, హెచ్‌టీటీపీఎస్‌లో వచ్చాడా లేదా, ఏ ఐపీ నుంచి వచ్చాడు, పేరు తర్వాత ఏ పాత్ అడిగాడు. లాగిన్ గొడవల్లో ఎక్కువ భాగం ఈ నాలుగింటిలో ఏదో ఒకటి పోవడం వల్లే.

ఒక మనవి. డైరెక్టివ్‌ల (కాన్ఫిగ్ ఫైల్లో రాసే ఆదేశాల) పేర్లు ఇక్కడ పలికినట్టు రాశాం. ఫైల్లో వాటిని ఇంగ్లిష్‌లోనే, అండర్‌స్కోర్‌తో సహా రాయాలి.

ముందు కుకీ ఎక్కడ ఆగిందో చూడండి

ఇన్‌కాగ్నిటో విండో తెరవండి. ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్‌కు వెళ్లి, "ప్రిజర్వ్ లాగ్" దగ్గర టిక్ పెట్టండి. ఆ టిక్ లేకపోతే పేజీ మారగానే మనకు కావలసిన లైను చెరిగిపోతుంది. ఇప్పుడు లాగిన్ చేసి, పోస్ట్ రిక్వెస్ట్ మీద క్లిక్ చేసి రెస్పాన్స్ హెడర్లు చూడండి.

సెట్-కుకీ (లాగిన్ గుర్తుగా ఇచ్చే కుకీని దాచుకోమని బ్రౌజర్‌కు చెప్పే హెడర్) వచ్చి, దాని పక్కన పసుపు త్రికోణం కనిపిస్తే కుకీని బ్రౌజరే నిరాకరించింది. మౌస్ దాని మీద పెడితే కారణం కూడా చెబుతుంది. అసలు సెట్-కుకీయే లేకపోతే అప్లికేషన్ ఇవ్వలేదు. అది హెచ్‌టీటీపీఎస్‌లో లేననుకుంటోందని అనుమానించండి. కుకీ వచ్చి, తర్వాతి రిక్వెస్ట్‌లో తిరిగి వెళ్లినా లాగిన్ పేజీకే తోసేస్తుంటే, సర్వర్ దగ్గర ఆ సెషన్ దొరకడం లేదని అర్థం. బ్యాకెండ్లు (ప్రాక్సీ వెనక ఉండే అప్లికేషన్ సర్వర్లు) రెండు ఉన్నాయేమో, సెషన్‌ను ఐపీకి కట్టేశారేమో చూడాలి.

స్టేటస్ కోడ్ కూడా దారి చూపిస్తుంది. 403 వస్తే సాధారణంగా సీఎస్‌ఆర్‌ఎఫ్ తనిఖీలో (ఫారం వేరే సైట్ నుంచి దొంగతనంగా రాలేదని చూసే తనిఖీ) తప్పారు. 419 అంటే లారవెల్ (పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్) సెషన్ పోయింది. 401 పదేపదే వస్తూ చిన్న పాస్‌వర్డ్ డబ్బా ఎగురుతుంటే ఆథరైజేషన్ హెడర్ (పాస్‌వర్డ్‌నో టోకెన్‌నో మోసుకెళ్లేది) సంగతి చూడాలి. 302 మీద 302 వచ్చి చివరికి "టూ మెనీ రీడైరెక్ట్స్" అంటే హెచ్‌టీటీపీఎస్ లెక్క తప్పింది. లొకేషన్ హెడర్లో 192.168.10.20 కనిపిస్తే పేరు లోపలికి చేరలేదు. లాగిన్ అయిన వెంటనే 502 వస్తే అది హెడర్ సైజుది కావచ్చు. దాని సంగతి కింద ఉంది.

తర్వాత ప్రాక్సీ మెషీన్ మీదకు వెళ్లి కర్ల్‌తో (కమాండ్ లైన్ నుంచి పేజీ అడిగే సాధనం) రెండు సార్లు అడగండి. మొదటిసారి హైఫన్ వి ఇచ్చి నేరుగా 192.168.10.20:8080 లాగిన్ పేజీని. రెండోసారి అదే అడ్రసును, హోస్ట్ హెడర్లో పబ్లిక్ పేరు, ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటోలో హెచ్‌టీటీపీఎస్ అని చేత్తో ఇచ్చి. రెండో జవాబులో సెక్యూర్ కుకీ (హెచ్‌టీటీపీఎస్ మీదే వెళ్లే కుకీ) వచ్చి, రీడైరెక్ట్ పబ్లిక్ పేరుకే వెళ్తుంటే అప్లికేషన్ బాగానే ఉంది, పంపాల్సినవి పంపనిది ప్రాక్సీయే. రెండు జవాబులూ ఒకేలా ఉంటే అప్లికేషన్ ఆ హెడర్లను నమ్మడం లేదు. ఏ ఫైలు తెరవాలో దీంతోనే తేలిపోతుంది.

ఆఫీసు లోపలి నుంచి పబ్లిక్ పేరు తెరుచుకోకపోవడం ఇక్కడ తరచూ చూసేదే. చౌక రూటర్లు చాలావాటికి హెయిర్‌పిన్ న్యాట్ రాదు, అంటే లోపలి మెషీన్ బయటి ఐపీని అడిగితే మళ్లీ లోపలికి తిప్పలేవు. అందుకే ఆఫీసువాళ్లు 8080కి అలవాటుపడతారు, సమస్య బ్రాంచీలకే కనిపిస్తుంది. కర్ల్‌లో రిజాల్వ్ ఆప్షన్ ఇచ్చి పబ్లిక్ పేరును 443 పోర్టుతో 192.168.10.10కి కట్టేస్తే రూటర్‌తో పని లేకుండా పరీక్షించవచ్చు. శాశ్వతంగానైతే లోపలి డీఎన్‌ఎస్‌లో ఆ పేరుకు 192.168.10.10 ఇవ్వండి, అప్పుడు అందరూ ఒకే దారిలో వస్తారు.

లాగ్‌లో కూడా కొంచెం చేర్చండి. ఎంజిన్‌ఎక్స్ లాగ్ ఫార్మాట్‌కు $హోస్ట్, $స్కీమ్, $అప్‌స్ట్రీమ్_ఏడీడీఆర్, $అప్‌స్ట్రీమ్_స్టేటస్, $అప్‌స్ట్రీమ్_హెచ్‌టీటీపీ_లొకేషన్ చేరిస్తే సగం ప్రశ్నలకు అక్కడే జవాబు దొరుకుతుంది. కుకీ విలువను, ఆథరైజేషన్ హెడర్‌ను మాత్రం లాగ్‌లో పడనివ్వకండి. ఆ ఫైలు చదివినవాడు ఎవరి పేరుతోనైనా లోపలికి వెళ్లిపోగలడు. సెట్-కుకీ వచ్చిందా లేదా తెలిస్తే చాలనుకుంటే మ్యాప్ బ్లాకుతో 0 లేదా 1 రాయించుకోండి.

పంపాల్సిన నాలుగు హెడర్లు, వాటిని మింగేసే ఒక నియమం

ఏమీ చెప్పకపోతే ఎంజిన్‌ఎక్స్ హోస్ట్ హెడర్‌గా ప్రాక్సీ_పాస్‌లో రాసిన అడ్రసునే పంపుతుంది. అప్లికేషన్ తన పేరు 192.168.10.20:8080 అనే అనుకుంటుంది, రీడైరెక్ట్‌లు అక్కడికే ఇస్తుంది. ఆరిజిన్ హెడర్లో బ్రౌజర్ పబ్లిక్ పేరు పంపితే "ఇది నా పేరు కాదు" అని 403 కొడుతుంది. కాబట్టి ప్రాక్సీ_సెట్_హెడర్‌తో ఇవి పంపాలి: హోస్ట్‌కు $హోస్ట్, ఎక్స్-రియల్-ఐపీకి $రిమోట్_ఏడీడీఆర్, ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్‌కు $ప్రాక్సీ_యాడ్_ఎక్స్_ఫార్వర్డెడ్_ఫర్, ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటోకు $స్కీమ్.

బయట 443 కుదరక 8443 లాంటి పోర్టు తెరిచినవాళ్లు హోస్ట్‌కు $హోస్ట్ బదులు $హెచ్‌టీటీపీ_హోస్ట్ వాడాలి. మొదటిది పోర్టు నంబరును వదిలేస్తుంది. అప్పుడు లాగిన్ తర్వాత రీడైరెక్ట్ పోర్టు లేని అడ్రసుకు వెళ్లి, "సైట్ రీచ్ అవలేదు" అని వస్తుంది.

ఇవన్నీ రాశాక కూడా పనిచేయకపోతే, సర్వర్ బ్లాకులో రాశారా, లొకేషన్ బ్లాకులో రాశారా చూడండి. పై బ్లాకులోని ప్రాక్సీ_సెట్_హెడర్ లైన్లు కింది బ్లాకుకు దిగాలంటే, ఆ కింది బ్లాకులో అలాంటి లైను ఒక్కటి కూడా ఉండకూడదు. ఒక్కటి ఉన్నా పైవన్నీ ఎగిరిపోతాయి. ఎవరో వెబ్‌సాకెట్ కోసం లొకేషన్‌లో అప్‌గ్రేడ్, కనెక్షన్ అని రెండు లైన్లు చేరుస్తారు. ఆ క్షణం నుంచి హోస్ట్, ప్రోటో పోవడం మొదలవుతుంది. కాన్ఫిగ్ పరీక్ష పాస్ అవుతుంది, ఎర్రర్ లాగ్ ఖాళీగా ఉంటుంది, చూసేవాళ్లకు "హెడర్లు పైన ఉన్నాయి కదా" అనిపిస్తుంది. దీన్ని కళ్లతో పట్టుకోవడం కష్టం. నాలుగు లైన్లనూ ఒక చిన్న ఫైల్లో పెట్టి, ప్రతి లొకేషన్‌లోనూ ఇంక్లూడ్ చేయడమే మా సలహా. ఎంజిన్‌ఎక్స్‌ను హైఫన్ పెద్ద టీతో నడిపితే ఇంక్లూడ్ ఫైళ్లన్నీ కలిపి మొత్తం కాన్ఫిగ్ చూపిస్తుంది; ఒక్కో లొకేషన్ కింద ఏముందో అక్కడ చదవండి.

అపాచీ ప్రాక్సీగా ఉంటే పని కొంచెం తక్కువ. ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్, ఎక్స్-ఫార్వర్డెడ్-హోస్ట్ అదే చేర్చుకుంటుంది. ప్రోటో మాత్రం చేర్చదు, రిక్వెస్ట్‌హెడర్ సెట్‌తో మీరే రాయాలి. ప్రాక్సీప్రిజర్వ్‌హోస్ట్ ఆన్ చేయండి.

హెడర్ వెళ్లింది, అయినా అప్లికేషన్ నమ్మకపోతే

ఎక్స్-ఫార్వర్డెడ్ హెడర్లను ఎవరైనా చేత్తో తయారు చేసి పంపగలరు కాబట్టి మంచి ఫ్రేమ్‌వర్క్ ఏదీ వాటిని ఊరికే నమ్మదు. నమ్మమని దానికి చెప్పాలి.

పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో సెక్యూర్_ప్రాక్సీ_ఎస్ఎస్ఎల్_హెడర్‌కు హెచ్‌టీటీపీ_ఎక్స్_ఫార్వర్డెడ్_ప్రోటో, హెచ్‌టీటీపీఎస్ అనే జత ఇవ్వాలి. 4.0 వెర్షన్ నుంచి సీఎస్‌ఆర్‌ఎఫ్_ట్రస్టెడ్_ఆరిజిన్స్‌లో పేరు ముందు స్కీమ్ కూడా తప్పనిసరి. పాత ప్రాజెక్టును అప్‌గ్రేడ్ చేశాక లాగిన్ 403 అవడానికి ఇది పెద్ద కారణం.

నోడ్‌లో ఎక్స్‌ప్రెస్ వాడితే ట్రస్ట్ ప్రాక్సీని 1కి పెట్టండి. ఇది లేకుండా ఎక్స్‌ప్రెస్-సెషన్‌లో సెక్యూర్ కుకీ అడిగితే, కనెక్షన్ మామూలు హెచ్‌టీటీపీ అనుకుని కుకీ పంపడమే మానేస్తుంది. 200 వస్తుంది, ఎర్రరేమీ ఉండదు, కుకీ ఉండదు. డెవలపర్లు సెక్యూర్‌ను తీసేసి "పనిచేస్తోంది" అంటారు. అది మందు కాదు. లారవెల్‌లో ట్రస్టెడ్ ప్రాక్సీల జాబితాలో 192.168.10.10 చేర్చండి. స్ప్రింగ్ బూట్‌లో సర్వర్ ఫార్వర్డ్-హెడర్స్-స్ట్రాటజీకి నేటివ్ లేదా ఫ్రేమ్‌వర్క్ ఇవ్వాలి. విడిగా టామ్‌క్యాట్ నడిపేవాళ్లకు రిమోట్‌ఐపీవాల్వ్ ఉంది. నెక్స్ట్‌క్లౌడ్‌లో ట్రస్టెడ్_ప్రాక్సీస్, ఓవర్‌రైట్‌ప్రోటోకాల్ చూడండి. వర్డ్‌ప్రెస్‌లో ఆగకుండా రీడైరెక్ట్ అవుతుంటే డబ్ల్యూపీ-కాన్ఫిగ్ ఫైల్లో, డబ్ల్యూపీ-సెట్టింగ్స్‌ను పిలిచే లైనుకు ముందే, ప్రోటో హెడర్ హెచ్‌టీటీపీఎస్ అయితే సర్వర్ అర్రేలో హెచ్‌టీటీపీఎస్‌ను ఆన్ అని పెట్టాలి. ఆ లైను తర్వాత రాస్తే ఫలితం ఉండదు.

కాలేజీల్లో ఎక్కువగా కనిపించే మూడిల్ గురించి కొంచెం విడిగా చెప్పాలి. సర్టిఫికెట్ ప్రాక్సీ దగ్గర ఉంటే కాన్ఫిగ్ ఫైల్లో ఎస్ఎస్ఎల్‌ప్రాక్సీని ట్రూ చేసి, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూరూట్‌కు హెచ్‌టీటీపీఎస్‌తో పబ్లిక్ అడ్రసు ఇస్తే సరిపోతుంది. పక్కనే రివర్స్‌ప్రాక్సీ అనే సెట్టింగ్ ఉంటుంది. పేరు చూసి దాన్ని కూడా ఆన్ చేస్తారు. అది లోపలి పేరు, బయటి పేరు వేరుగా ఉన్నప్పటికి మాత్రమే. మీరు హోస్ట్ హెడర్‌ను ఉన్నదున్నట్టు పంపుతూ దాన్ని ఆన్ చేస్తే, సర్వర్‌ను నేరుగా తెరవకూడదంటూ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది.

ప్రాక్సీ ముందు ఇంకో ప్రాక్సీ

రూటర్ వ్యాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీ కనెక్షన్ క్యారియర్ న్యాట్ వెనక ఉంది (ఇంటర్నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచుతోంది), పోర్టు మళ్లించినా బయటివాళ్లు రాలేరు. అలాంటిచోట టన్నెల్ సర్వీసు (బయటి సర్వర్ రిక్వెస్ట్‌లు అందుకుని మీ దగ్గరికి పంపేది) వాడతారు. అప్పుడు హెచ్‌టీటీపీఎస్ అక్కడే ముగిసి, మీ ఎంజిన్‌ఎక్స్‌కు మామూలు హెచ్‌టీటీపీలో రావచ్చు. మీ $స్కీమ్ "హెచ్‌టీటీపీ" అవుతుంది, ముందు ప్రాక్సీ సరిగ్గా పంపిన ప్రోటో హెడర్‌ను అది తుడిచేస్తుంది. అప్లికేషన్ హెచ్‌టీటీపీఎస్‌కు రమ్మంటుంది, యూజర్ అప్పటికే అక్కడే ఉన్నాడు, చక్రం తిరుగుతూనే ఉంటుంది. క్లౌడ్‌ఫ్లేర్ ఫ్లెక్సిబుల్ మోడ్‌లో వచ్చే రీడైరెక్ట్ గొడవ కూడా ఈ బాపతుదే.

టన్నెల్ నుంచి వచ్చే రిక్వెస్ట్‌కు మాత్రం, వచ్చిన ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటోనే ముందుకు పంపండి. ఇంకెక్కడి నుంచి వచ్చినా $స్కీమే వాడండి.

ఈ పరీక్షలు చేసేటప్పుడు రీడైరెక్ట్‌లకు 302 వాడండి. 301ను బ్రౌజర్ గుర్తుపెట్టుకుంటుంది, మీరు సరిచేసినా పాత దారిలోనే పోతుంది. ఇంకొకటి, లాగిన్ ఫారం హెచ్‌టీటీపీకి పోస్ట్ అయి 301 లేదా 302తో హెచ్‌టీటీపీఎస్‌కు మళ్లితే, బ్రౌజర్లు దాన్ని గెట్‌గా మార్చేస్తాయి. యూజర్ పేరు, పాస్‌వర్డ్ దారిలోనే రాలిపోతాయి. పాస్‌వర్డ్ ఒక్కసారైనా ఎన్‌క్రిప్షన్ లేకుండా ప్రయాణించిందన్న సంగతి అంతకన్నా పెద్ద సమస్య. ఫారం యాక్షన్ అడ్రసు మొదటి నుంచీ హెచ్‌టీటీపీఎస్సే ఉండాలి.

కుకీ వచ్చినా నిలవకపోతే

డొమైన్ చూడండి. అప్లికేషన్ తన లోపలి పేరును డొమైన్‌గా పెట్టి కుకీ ఇస్తే బ్రౌజర్ పక్కన పడేస్తుంది. వీలైతే అప్లికేషన్‌లో డొమైన్ సెట్టింగ్‌ను ఖాళీగా వదిలేయండి. కుదరకపోతే ప్రాక్సీ_కుకీ_డొమైన్‌తో లోపలి పేరును బయటి పేరుగా మార్చవచ్చు.

పాత్ ఇంకా మోసకారి. లోపల అప్లికేషన్ /యాప్/ కింద ఉంది, బయట /హాజరు/ పేరుతో పెట్టారు. కుకీ పాత్=/యాప్ అని వస్తుంది. బ్రౌజర్ దాన్ని దాచుకుంటుంది కానీ /హాజరు/ అడిగినప్పుడు తిరిగి పంపదు. పసుపు త్రికోణం కూడా ఉండదు, అంతా మామూలుగానే కనిపిస్తుంది. ప్రాక్సీ_కుకీ_పాత్‌తో సరిచేయవచ్చు. ప్రాక్సీ_పాస్ చివర స్లాష్ సంగతి కూడా ఇక్కడే చూడాలి. ఉంటే లొకేషన్‌లో రాసిన ముక్క స్థానంలో ఆ స్లాష్ చేరుతుంది, లేకపోతే మొత్తం పాత్ యథాతథంగా లోపలికి వెళ్తుంది. అయితే ఇంత కష్టం ఎందుకు? ఒక్కో అప్లికేషన్‌కు ఒక సబ్‌డొమైన్ ఇచ్చేస్తే పాత్ గొడవలన్నీ పుట్టకుండానే పోతాయి. సర్టిఫికెట్లు ఉచితంగా దొరుకుతున్న రోజుల్లో సబ్‌పాత్ కింద పెట్టడానికి పెద్ద కారణం కనిపించదు.

"హాజరులో లాగిన్ అయితే స్టాకులోంచి బయటికి వచ్చేస్తున్నాను" అని ఎవరైనా అంటే, రెండు అప్లికేషన్లూ ఒకే పేరు మీద, ఒకే కుకీ పేరుతో ఉన్నాయి. రెండూ పీహెచ్‌పీ అయితే పీహెచ్‌పీఎస్ఈఎస్ఎస్ఐడీ, రెండూ జావా అయితే జేసెషన్‌ఐడీ. ఒకటి 443లో, ఇంకోటి 8443లో ఉన్నాయి కదా అనుకోవద్దు. కుకీలు పోర్టులను వేరుగా చూడవు. కుకీ పేరు మార్చండి, లేదా సబ్‌డొమైన్లు వేరు చేయండి.

బయటి సింగిల్ సైన్-ఆన్ (వేరే సైట్‌లో ఒక్కసారి లాగిన్ అయి లోపలికి రావడం) వాడేవాళ్లకు సేమ్‌సైట్ అడ్డు తగులుతుంది. వేరే సైట్ నుంచి వచ్చే రిక్వెస్ట్‌తో కుకీ వెళ్లాలా వద్దా చెప్పేది ఇదే. 2020లో వచ్చిన క్రోమ్ 80 నుంచి, ఏమీ చెప్పని కుకీని ల్యాక్స్‌గా లెక్కిస్తున్నారు. ఎస్ఏఎంఎల్ (సింగిల్ సైన్-ఆన్ పద్ధతుల్లో ఒకటి) జవాబు వేరే సైట్ నుంచి పోస్ట్‌గా వస్తుంది, ల్యాక్స్ కుకీ దానితో రాదు, మీ అప్లికేషన్ "ఎవరు నువ్వు" అని మళ్లీ లాగిన్‌కు పంపుతుంది. ఆ కుకీకి సేమ్‌సైట్=నన్ ఇవ్వాలి. నన్ ఇస్తే సెక్యూర్ ఉండి తీరాలి, సెక్యూర్ ఉండాలంటే అప్లికేషన్‌కు హెచ్‌టీటీపీఎస్ అని తెలియాలి. ఇంకో పద్ధతి ఓఆథ్‌లో "రీడైరెక్ట్ యూఆర్ఐ మిస్‌మ్యాచ్" వచ్చినా ముందు ఆ యూఆర్ఐ మొదట్లో ఎస్ ఉందో లేదో చూడండి. ప్రొవైడర్ దగ్గర హెచ్‌టీటీపీ అడ్రసును కూడా చేర్చేసి దాటవేయకండి.

పాస్‌వర్డ్ డబ్బా పదేపదే వస్తుంటే

ప్రాక్సీ దగ్గర ఒక బేసిక్ పాస్‌వర్డ్, అప్లికేషన్ దగ్గర ఇంకొక లాగిన్ పెట్టడం మామూలే. బ్రౌజర్ పంపిన ఆథరైజేషన్ హెడర్‌ను ఎంజిన్‌ఎక్స్ తాను చూసుకుని, లోపలికి కూడా పంపేస్తుంది. అప్లికేషన్ ఆ యూజర్ తనకు తెలియదని 401 ఇస్తుంది. ప్రాక్సీ_సెట్_హెడర్‌తో ఆథరైజేషన్‌ను ఖాళీ కొటేషన్లకు మార్చితే లోపలికి వెళ్లదు. అయితే అప్లికేషన్ బేరర్ టోకెన్ వాడుతుంటే అదే హెడర్ దానికి కావాలి, ఒకే హెడర్ ఇద్దరికీ పనికిరాదు. అక్కడ బేసిక్ పాస్‌వర్డ్ తీసేసి ఐపీ పరిమితో, వీపీఎన్నో పెట్టుకోవాలి.

తిరగబడ్డ కేసు కూడా ఉంది. టోకెన్ ప్రాక్సీ దాటింది, అప్లికేషన్‌కు మాత్రం చేరలేదు. అపాచీ మోడ్_డబ్ల్యూఎస్‌జీఐ కింద పైథాన్ నడుస్తుంటే డబ్ల్యూఎస్‌జీఐపాస్‌ఆథరైజేషన్ ఆన్ చేయాలి. సీజీఐకి సీజీఐపాస్‌ఆథ్ ఉంది. సొంత హెడర్ పేరులో అండర్‌స్కోర్ ఉంటే, ఉదాహరణకు ఆథ్_టోకెన్, ఎంజిన్‌ఎక్స్ దాన్ని చప్పుడు చేయకుండా పడేస్తుంది. పేరులో హైఫన్ పెట్టండి.

విండోస్ ఎన్‌టీఎల్ఎం లాగిన్ రిక్వెస్ట్‌కు కాక కనెక్షన్‌కు కట్టుబడి ఉంటుంది. మధ్యలో ప్రాక్సీ కనెక్షన్లు మారుస్తుంటే అది నిలవదు. ఎంజిన్‌ఎక్స్‌లో దానికోసం ఉన్న ఎన్‌టీఎల్ఎం డైరెక్టివ్ డబ్బు కట్టే వెర్షన్‌లోనే దొరుకుతుంది.

ఆథ్_రిక్వెస్ట్ (ప్రతి రిక్వెస్ట్‌కు ముందు వేరే సర్వీసును అడిగి అనుమతి చూసే మాడ్యూల్) వాడి, లాగ్‌లో "ఆథ్ రిక్వెస్ట్ అన్‌ఎక్స్‌పెక్టెడ్ స్టేటస్: 302" కనిపిస్తే కారణం తేలికే. ఆ మాడ్యూల్‌కు 200ల కోడ్లు అంటే సరే, 401, 403 అంటే కాదు. ఇంకేదొచ్చినా 500 ఇస్తుంది. తనిఖీ సర్వీసు 401 ఇవ్వాలి, లాగిన్ పేజీకి మళ్లించడం ఎర్రర్_పేజ్ 401తో ప్రాక్సీ చేయాలి. ఆ సబ్‌రిక్వెస్ట్‌కు ప్రాక్సీ_పాస్_రిక్వెస్ట్_బాడీ ఆఫ్ చేసి, కంటెంట్-లెంగ్త్‌ను ఖాళీ చేయడం మరచిపోవద్దు.

సరైన పాస్‌వర్డ్‌కు 502, తప్పు పాస్‌వర్డ్‌కు మామూలు పేజీ

వినడానికి వింతగా ఉంటుంది కానీ అర్థముంది. లాగిన్ కుదిరినప్పుడే అప్లికేషన్ పెద్ద కుకీలు ఇస్తుంది. ఎంజిన్‌ఎక్స్ జవాబు హెడర్ల కోసం ఉంచే ప్రాక్సీ_బఫర్_సైజ్ మామూలుగా 4కే లేదా 8కే. గ్రూపులు, రోల్స్ అన్నీ నింపిన టోకెన్ అందులో పట్టదు. ఎర్రర్ లాగ్‌లో "అప్‌స్ట్రీమ్ సెంట్ టూ బిగ్ హెడర్" అని ఉంటుంది. ప్రాక్సీ_బఫర్_సైజ్ 16కే, ప్రాక్సీ_బఫర్స్ 8 16కే, ప్రాక్సీ_బిజీ_బఫర్స్_సైజ్ 32కే ఇవ్వండి. మూడూ కలిపి మార్చకపోతే కాన్ఫిగ్ పరీక్షలోనే అడ్డుకోవచ్చు.

బ్రౌజర్ నుంచి వచ్చేవి పెద్దవైతే 400తో "రిక్వెస్ట్ హెడర్ ఆర్ కుకీ టూ లార్జ్" వస్తుంది. అక్కడ మార్చాల్సింది లార్జ్_క్లయింట్_హెడర్_బఫర్స్. మామూలుగా 4 8కే, దాన్ని 4 16కే చేయండి. ఆ తర్వాత అన్ని కుకీలు ఎందుకు పేరుకుంటున్నాయో కూడా వెతకండి.

అన్ని మెషీన్లూ బాగానే ఉండి ఎల్లప్పుడూ 502 వస్తూ, లాగ్‌లో "పర్మిషన్ డినైడ్ (13)" కనిపిస్తే అది లాగిన్ సమస్యే కాదు. ఎస్ఈలినక్స్ (లినక్స్‌లోని భద్రతా కాపలా) ప్రాక్సీని బయటికి కనెక్ట్ కానివ్వడం లేదు. హెచ్‌టీటీపీడీ_క్యాన్_నెట్‌వర్క్_కనెక్ట్ ఆన్ చేయండి, ఎస్ఈలినక్స్‌ను ఆపేయకండి.

ఒకరు తప్పు కొడితే అందరూ లాక్

ఐపీ లోపలికి చేరకపోతే అప్లికేషన్‌కు బ్రాంచీలన్నీ 192.168.10.10గానే కనిపిస్తాయి. టెక్కలిలో ఎవరో అయిదుసార్లు తప్పు పాస్‌వర్డ్ కొడితే నరసన్నపేటకూ తలుపు మూసుకుంటుంది. ఫెయిల్2బ్యాన్ (తప్పు లాగిన్లు చేసే ఐపీలను నిషేధించే ప్రోగ్రామ్) అప్లికేషన్ లాగ్ చదువుతుంటే ప్రాక్సీనే నిషేధించి మొత్తం ఆపేస్తుంది. ప్రాక్సీ ఐపీని దాని ఇగ్నోర్‌ఐపీలో పెట్టి, అసలు ఐపీ లాగ్‌లో పడేలా చూడండి.

అసలు ఐపీ చేరినా పూర్తి నిశ్చింత లేదు. మొబైల్ డేటా వాడేవాళ్లు చాలామంది ఒకే పబ్లిక్ ఐపీ వెనక ఉండవచ్చు, అదే మనిషి ఐపీ వైఫై నుంచి డేటాకు మారగానే మారిపోతుంది. సెషన్‌ను ఐపీకి కట్టేసే ఆప్షన్ ఆన్‌లో ఉంటే మధ్యలో బయటికి తోసేస్తుంది. దాన్ని ఆపేయండి. లాక్ లెక్క యూజర్ పేరు, ఐపీ రెండూ కలిపి చూడాలి.

ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్‌లో మొదటి ఐపీనే నమ్మే అప్లికేషన్లున్నాయి. యూజర్ ముందే ఒక దొంగ ఐపీ రాసి పంపితే మీ ప్రాక్సీ దాని వెనక అసలుది చేరుస్తుంది, అప్లికేషన్ మొదటిదే తీసుకుంటుంది. మీది బయటి అంచున ఉన్న ప్రాక్సీ అయితే ఆ హెడర్‌కు $రిమోట్_ఏడీడీఆర్ మాత్రమే ఇచ్చి పాతది తుడిచేయడం మంచిది.

ఉన్నట్టుండి సగంసార్లే పనిచేస్తుంటే

రెండు బ్యాకెండ్లు ఉంటే సెషన్ ఒకదాని మెమరీలో ఉండి, తర్వాతి రిక్వెస్ట్ ఇంకోదానికి వెళ్తోంది. లాగ్‌లో అప్‌స్ట్రీమ్ అడ్రసు చూస్తే తెలిసిపోతుంది. ఐపీ_హ్యాష్ తాత్కాలికంగా నడుస్తుంది, అయితే ఐపీవీ4లో అడ్రసులోని నాలుగు భాగాల్లో మొదటి మూడింటినే లెక్కిస్తుంది కాబట్టి ముందు ఇంకో ప్రాక్సీ ఉంటే అందరూ ఒకే సర్వర్ మీద పడతారు. సెషన్లను రెడిస్‌లోనో, డేటాబేస్‌లోనో పెట్టి, రెండిటికీ ఒకే సీక్రెట్ కీ ఇవ్వండి.

ఒకరు లాగిన్ అయితే ఇంకొకరి పేరు కనిపిస్తే మాత్రం పరీక్షలు ఆపి క్యాషింగ్‌ను తక్షణం కట్టేయండి. సెట్-కుకీ ఉన్న జవాబును ఎంజిన్‌ఎక్స్ తనంతట తాను క్యాష్ చేయదు. ఎవరో వేగం కోసం ప్రాక్సీ_ఇగ్నోర్_హెడర్స్‌లో సెట్-కుకీ రాసి ఉంటారు. ఆ లైను తీసేసి, క్యాష్ ఫోల్డర్ ఖాళీ చేసి, సెషన్లన్నీ రద్దు చేయండి.

కరెంటు పోయి వచ్చాక లాగిన్ పోతే గడియారం చూడండి

2018 అక్టోబరులో తిత్లీ లాంటి తుపాను వచ్చినప్పుడే కాదు, మామూలు కోతల్లో కూడా పాత సర్వర్ పూర్తిగా ఆరిపోతుంది. మదర్‌బోర్డు మీద సీఆర్2032 బ్యాటరీ అయిపోయి ఉంటే తేదీ వెనక్కి వెళ్తుంది. టోకెన్లు "ఇంకా చెల్లవు" లేదా "గడువు దాటాయి" అంటాయి, 30 సెకన్లకు మారే ఓటీపీ యాప్ కోడ్లు కుదరవు. కెర్బెరోస్ (ఆఫీసు నెట్‌వర్కుల్లో వాడే లాగిన్ పద్ధతి) అయితే మామూలుగా 5 నిమిషాల తేడానే భరిస్తుంది. టైమ్‌డేట్‌సీటీఎల్, క్రోనీసీ ట్రాకింగ్ రెండూ నడిపి చూడండి.

తేడా కచ్చితంగా అయిదున్నర గంటలైతే, టైమ్‌జోన్ యూటీసీలోనే ఉంచి ఎవరో గోడ గడియారం చూసి చేత్తో టైము దిద్దారు. జోన్‌ను ఏసియా/కోల్‌కతా చేసి, టైమును ఎన్‌టీపీకి వదిలేయండి. ప్రాక్సీ, అప్లికేషన్, డేటాబేస్ మూడు మెషీన్లలోనూ చూడాలి.

సరిచేశాక

ప్రతి మార్పు తర్వాత ఎంజిన్‌ఎక్స్ హైఫన్ టీతో పరీక్షించి రీలోడ్ చేయండి, ఒకసారి ఒకే మార్పు చేయండి. పాత వెబ్‌సాకెట్ కనెక్షన్లు పాత వర్కర్ మీదే కొంతసేపు వేలాడతాయి కాబట్టి ప్రతిసారీ కొత్త ఇన్‌కాగ్నిటో విండోలో చూడాలి.

లాగిన్ ఒక్కటే చూసి వదిలేయకండి. ఫోన్లో వైఫై ఆపి డేటా మీద లాగిన్ చేయండి. కావాలని ఒకసారి తప్పు పాస్‌వర్డ్ కొట్టి, అప్లికేషన్ లాగ్‌లో పడిన ఐపీ ఆ ఫోనుదో ప్రాక్సీదో చూడండి. లాగౌట్ నొక్కి, బ్యాక్ బటన్‌తో వెనక్కి వెళ్లి పేజీ రిఫ్రెష్ చేయండి. లోపలి వివరాలు కనిపించకూడదు. పాస్‌వర్డ్ మరచిపోయినట్టు మెయిల్ తెప్పించుకుని, అందులోని లింకు పబ్లిక్ పేరుతో, హెచ్‌టీటీపీఎస్‌తో వచ్చిందో లేదో చూడండి. ఈ లింకును చాలామంది చూడరు, నెల తర్వాత ఎవరికో 192.168.10.20తో మెయిల్ వెళ్తుంది.

చివరగా 8080 పోర్టును ఫైర్‌వాల్‌లో 192.168.10.10కి తప్ప ఇంకెవరికీ అందకుండా మూసేయండి. అప్లికేషన్‌కు ఎక్స్-ఫార్వర్డెడ్ హెడర్లను నమ్మమని ఇప్పుడే చెప్పారు. 8080కి నేరుగా రాగలిగితే ఆఫీసు వైఫైలో ఉన్న ఎవరైనా ఆ హెడర్లు తామే రాసి పంపగలరు. ఇన్నాళ్లూ 8080 వాడినవాళ్లు అది తెరుచుకోవడం లేదని అడుగుతారు. వాళ్ల బుక్‌మార్కులు పబ్లిక్ పేరుకు మార్చాకే పోర్టు మూయండి.